నాకు నేనే ఇచ్చుకున్న అనుమతి

నెల క్రితం, ఈ దేశంలో మేముండే నోవై ఊళ్లో ఆఫీస్ నుంచి వస్తుంటే నా కారుకు జింక అడ్డం వచ్చింది. బంపరు ఊడింది, జింక లేచి పొదల్లోకి పారిపోయింది. పోలీసాయన వచ్చి అంతా రాసుకెళ్లాడు. పోలీస్ రిపోర్ట్ లేనిదే క్లెయిమ్ కదలదని ఇన్సూరెన్స్ వాళ్లన్నారు. బంపరును తాడుతో కట్టుకుని తిరుగుతూ, ఇక్కడి సమాచార హక్కు చట్టం కింద ఆ రిపోర్ట్ కోసం అర్జీ పెట్టాను.

ఈ రోజు రిపోర్ట్ వచ్చింది. నా పేరు, చిరునామా, కారు నంబరు అన్నీ నల్లగా కొట్టేసి ఉన్నాయి. శుభ్రంగా కనిపించింది ఒక్కటే వాక్యం: "ఆడ జింక, పడమటి వైపు వెళ్లింది."

పోలీసుల రికార్డ్స్ ఆఫీస్‌కి ఫోన్ చేశాను. ఒకావిడ ఎత్తింది. వివరాలన్నీ ఎందుకు కొట్టేశారని అడిగాను.

"డ్రైవర్ ప్రైవసీ మేడమ్. ఆ వివరాలు ఎవరికీ ఇవ్వం."

"ఆ డ్రైవర్‌ని నేనేనండీ!"

"అయితే మీ పేరు మీకు తెలిసే ఉంటుంది కదా?"

చివరికి ఆవిడే దారి చూపింది: డ్రైవర్ రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఇస్తారట. వెంటనే కూర్చుని, నా వివరాలు నాకు ఇవ్వడానికి నాకేమీ అభ్యంతరం లేదని రాసి సంతకం పెట్టాను. మా ఆయన అది చదివి, "తొందరపడ్డావేమో, ఒకసారి ఆలోచించుకోవాల్సింది" అన్నాడు.

ఈమెయిల్ పంపేశాను. నాకు నేను నచ్చజెప్పుకోవడానికి పెద్దగా టైమ్ పట్టలేదు. మీలో ఎవరికైనా పట్టిందా?