భీమయ్య దాచిన పలక

పినపాక అవతల అడవి అంచున ఉన్న కోయగూడెంలో జంపక్కది చివరి ఇల్లు. పన్నెండేళ్లు ఆమె క్వారీలో రాళ్లు మోసింది. భర్త భీమయ్య సుత్తి, ఉలి పట్టుకుని బండల్ని పొరలు పొరలుగా చీల్చేవాడు. ఆమె వాటిని నెత్తిన పెట్టుకుని లారీ దాకా తెచ్చేది. వాళ్లకు పిల్లలు లేరు.

ఒక ఎండాకాలం భీమయ్య చీల్చిన పలకలో సన్నని గొట్టాలు బయటపడ్డాయి. చీపురుపుల్లంత లావు, వేలెడు పొడవు. ఒక్కోదాని చుట్టూ గాజులు తొడిగినట్టు గీతలు. ఆ పలకను అతను లారీ ఎక్కనివ్వలేదు. ఆ సాయంత్రం ఇద్దరూ చెరో కొస పట్టుకుని ఇంటికి మోసుకొచ్చారు. దాన్ని వాకిట్లో పరిచి, జంపక్క దానిమీద ఇప్పపూలు ఎండబెట్టుకునేది.

నేను ఖమ్మంలో డిగ్రీ పిల్లలకు భూగర్భశాస్త్రం చెబుతాను. రెండేళ్ల కిందట పిల్లలతో అటు వెళ్లినప్పుడు మంచినీళ్లకని ఆ వాకిట్లో ఆగాను. పూల సందుల్లోంచి గొట్టాలు కనిపించాయి. నీళ్లు తాగడం మరిచిపోయి కింద కూర్చున్నాను.

ఇక్కడ ఒకప్పుడు సముద్రం ఉండేదని, దాని అడుగున పురుగులు తమ ఒంట్లోంచి ఊరినదానితోనే గొట్టం కట్టుకుని అందులో బతికేవని, ఆ జాతి ఇప్పుడు భూమ్మీద ఎక్కడా లేదని భార్యాభర్తలిద్దరికీ చెప్పాను. కోట్ల ఏళ్ల లెక్క ఎలా చెప్పాలో తెలియక, గోదావరి పుట్టకముందు మాట అన్నాను.

భీమయ్య ఒక గొట్టం మీద వేలు పెట్టాడు. "మరి పురుగేమైంది మేడం?"

"మెత్తటి ఒళ్లు కదా, కుళ్లిపోయింది. ఇల్లు మిగిలింది."

అతను నన్ను క్వారీకి తీసుకెళ్లి, ఆ పలక వచ్చిన పొరను చూపించాడు. జానెడు మందాన ఉంది. దారిలో పది అడుగులకోసారి ఆగి దగ్గుతూనే ఉన్నాడు. అది నేను చూశాను. చూసి కూడా ఫొటోలు తీసుకోవడంలో పడిపోయాను.

ఫొటోలు చూసిన పెద్ద శాస్త్రవేత్తలు, పొరను ఉన్నచోటే చూడాలి, నమూనాలు కావాలి అని రాశారు. పరీక్షలు, ఎన్నికల డ్యూటీ, ఆపైన వానలు. నేను మళ్లీ వెళ్లేసరికి పది నెలలు గడిచాయి.

జంపక్క వాకిట్లో పలక లేదు. భీమయ్య పోయి నలభై రోజులైందని ఆమె చెప్పింది. ఆరు నెలలు టీబీ మందులు మింగాడట. దగ్గు తగ్గలేదు. చివరికి ఖమ్మం దవాఖానాలో అది టీబీ కాదని, ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్మే అని తేల్చారు.

క్వారీకి పరుగెత్తాను. అక్కడ పొర లేదు. ఆ గోడంతా పేల్చి, క్రషర్‌లో వేసి రోడ్డు కంకర చేసేశారు.

తిరిగొచ్చాక జంపక్క నన్ను గూడెం వెనక్కి తీసుకెళ్లింది. వాళ్లలో పోయినవాళ్లకు రాయి నిలబెడతారు. వరసగా ఉన్న పాత రాళ్ల చివర కొత్తగా ఒకటి నిలబడి ఉంది. గొట్టాలున్న వైపు తూర్పుకు తిప్పి పెట్టింది. అడగకూడదని తెలుసు. అయినా ఆ పలక ఇమ్మని అడిగాను. లోకంలో ఇలాంటిది ఇదొక్కటే మిగిలిందేమో అని కూడా అన్నాను.

ఆమె రాయి మీద చెయ్యి వేసి నిలబడింది. "తీస్కపోతే ఆయన పేరు రాస్తరా మేడం?"

అబద్ధం చెప్పలేకపోయాను. పెట్టే పేరు పురుగుదని, దొరికిన ఊరి పేరు మాత్రం రాస్తారని చెప్పాను.

"అయితే ఈడ్నే ఉండనియ్యి. ఆయనది ఇంకేం లేదు నా కాడ."

ఆ సాయంత్రం సిగ్గుతో బస్సెక్కబోతుంటే ఆమే ఆపింది. కంకరలో వెతుకుదాం, మర్నాడు రమ్మంది. మూడు రోజులు ఇద్దరం కంకర కుప్పల పక్కన కూర్చుని ఒక్కో ముక్కా తిరగేశాం. నేను ముక్కుకు గుడ్డ కట్టుకున్నాను. ఆమె కొంగు అడ్డం పెట్టుకుంది, కానీ వెతకడానికి రెండు చేతులూ కావాల్సి వచ్చి ఆ కొంగు జారిపోతూనే ఉంది. మూడోరోజు మధ్యాహ్నం అగ్గిపెట్టెంత ముక్క ఆమెకే దొరికింది. అందులో ఒకటిన్నర గొట్టం. నా చేతిలో పెట్టి దగ్గింది. ఆ దగ్గు నాకు తెలుసు.

ముక్క పంపాను. ఇంత చిన్నదానితో, పొర లేకుండా ఏదీ తేల్చలేమని జవాబొచ్చింది.

ఆ ఉత్తరం సంగతి ఆమెకు చెప్పలేదు. బతిమాలి ఖమ్మం తీసుకొచ్చి ఎక్స్‌రే తీయించాను. డాక్టరు తెరమీద బొమ్మ చూస్తూ, ఏం పని చేసేదని అడిగాడు. ఎన్నేళ్లని అడిగాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచాడు. పట్టిన దుమ్ము పోదని, దగ్గు తగ్గడానికి మందులిస్తానని, ఇక రాతిపని దగ్గరికి పోకూడదని అన్నాడు.

బయటికొచ్చి ఎలా చెప్పాలా అని మాటలు వెతుక్కుంటున్నాను. ఆమె మందుల సంచి నా చేతిలోంచి తీసుకుంది.

"ఆయనప్పుడు కూడా గిట్లనే నన్ను పక్కకు పిలిచి చెప్పిర్రు," అంది.

ఇప్పుడు ఆమె అడవికి చింతపండుకు పోతుంది. ఎక్కువ దూరం నడవలేదు. నెలకోసారి మందులిచ్చి వస్తాను. రాయి సంగతి నేను ఎత్తను.