యోగా క్లాసులో మునుం పట్టాను

నడుము నొప్పికి యోగా చెయ్యమని డాక్టరు చెప్పినప్పుడు నాకు నవ్వొచ్చింది. వేములపల్లి పొలాల్లో పదిహేనేళ్లు వరినాట్లు వేసినదాన్ని. వంగడం నాకొకరు నేర్పాలా? యోగా అంటే పనీపాటా లేనివాళ్లు ఒళ్లు వంచుకునే ముచ్చట అని అప్పట్లో నా నమ్మకం.

అయినా వెళ్లక తప్పలేదు. మిర్యాలగూడలో నాది చిన్న టైలరింగ్ దుకాణం. మిషన్ ముందు గంట కూర్చుంటే చాలు, నడుము పట్టేసేది. పెళ్లి జాకెట్లు తెచ్చినవాళ్లను వేరే చోటుకి పంపిస్తుంటే ఏడుపొచ్చేది. ఇలాగే సాగితే దుకాణం మూసుకోవడమే.

కాలనీ ఫంక్షన్ హాల్లో పొద్దున ఆరింటికి క్లాసు. వరసగా పరిచిన మ్యాట్లు చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అచ్చం మునుం పట్టినట్టే! నాట్లలో ఒక్కొక్కరికి ఒక్కో మునుం, మడిలో ఒక్కో పట్టీ. పక్కదానికంటే వెనకబడితే ఊరంతా నవ్వుతుంది. నా పక్క మ్యాటు కోదాడ నుంచి వచ్చిన ఒక బ్యాంకు ఉద్యోగినిది. ఆమె కాలివేళ్లు అందుకుంది. నేనూ అందుకున్నాను. టీచరు ఆరు లెక్కపెట్టేలోపు పదిసార్లూ వంగి లేచి, నడుం మీద చేతులేసుకుని దర్జాగా నిలబడ్డాను.

టీచరు సూర్యాపేట అమ్మాయి. కళ్లు పెద్దవి చేసుకుని చూసింది.

"ఏడికి ఉరుకుతున్నవ్ అక్కా? ఎనకాల ఎద్దు తరుముతున్నదా?"

"నాట్లల్ల ఎనకబడితే నవ్వరా మరి?" అన్నాను.

మూడో రోజుకి పోటీ ముదిరింది. కోదాడావిడ అరచేతులు నేలకానించింది. నేను ఆగుతానా? నడుము సలుపుతుంటే ఇంకా సంబరపడ్డాను, నొప్పి పుడితేనే కదా యోగా పని చేస్తున్నట్టు! మరికాస్త వంగాను. లోపల ఏదో కలుక్కుమంది. నలుగురు పట్టుకుని నన్ను ఆటో ఎక్కించారు.

రెండు రోజులు మంచంలో పడి యోగాని తిట్టని తిట్టు లేదు. మూడో రోజు దుకాణం తెరిచేసరికి టీచరు వచ్చింది.

"నీ యోగాకో దండం తల్లీ, ఇగ ఖతం," అన్నాను.

ఆ పిల్ల గిరాకీల కోసం వేసిన కుర్చీ లాగింది. "గీడ కూసో అక్కా. చేతులు మెల్లగ లేపు. ఊపిరి మెల్లగ పీల్చు. గంతే."

"కుర్సీల కూసుండి చేసేది యోగానా? నవ్విపోతరు."

"నాటు కాడ పొద్దుగూకేలోపు మడి ఖతం చెయ్యాలె గనుక ఉరికినవ్. గీడ ఖతం చేసేదేమున్నదక్కా?"

గొణుక్కుంటూనే కుర్చీలో కూర్చుని చేతులు లేపాను.

మెల్లగా ఊపిరి తీయడం నాట్లకంటే కష్టమని అప్పుడు తెలిసింది. రెండోసారికే విసుగొచ్చేది. అయినా మొండిగా రోజూ ఆ కుర్చీలోనే చేశాను. కొన్ని వారాలకి క్లాసుకి వెళ్తే కోదాడావిడ గుట్టు విప్పింది.

"మీరు వంగుతుంటే నేను ఊరుకుంటానా అండీ? మీ పుణ్యమా అని వారం రోజులు మెట్లు దిగలేకపోయాను!"

ఇద్దరం హాలు దద్దరిల్లేలా నవ్వాం. అది మొదలు ఇద్దరం కళ్లు మూసుకునే చేస్తున్నాం.

ఆ నెలలోనే ఒకామె పట్టు జాకెట్టు గుడ్డ పట్టుకుని దుకాణం గుమ్మంలో నిలబడింది. బిడ్డ పెళ్లట. లోపలికి కూడా రాలేదు.

"నీకు నడుం బాగలేదంట గదా. మంచిగ కుట్టేటోళ్లు ఎవలన్న ఉంటే జర చెప్పు చెల్లే."

అంతకు ముందురోజే మధ్యలో లేవకుండా ఒక జాకెట్టు మొత్తం కుట్టి, చేతుల్లో పెట్టుకుని పిచ్చిదానిలా గంతులేసినంత పని చేశాను. ఆమె చేతిలోంచి గుడ్డ లాగేసుకున్నాను. మెడలో టేపు వేసుకున్నాను.

"ఎప్పటికి కావాలె?" అని అడిగాను.