పన్నెండో నంబరు తరఫున వచ్చినావిడ

మొన్న మధ్యాహ్నం మా కోడలు వంటింటి గట్టుకు ఫోను ఆనించి పెట్టుకుని, మా అపార్ట్‌మెంటు తరఫున ఏదో గృహవసతి సదస్సుకు హాజరైంది. తెర మీది ముఖాల మధ్య ఒక గడి నల్లగా ఉండి, అందులోంచి ఎవరిదో ముసలి గొంతు వినబడేసరికి, పాత సదస్సొకటి గుర్తొచ్చి, బీరకాయ చెక్కు తీస్తున్న నా చేయి ఆగిపోయింది.

రైల్వే క్వార్టర్లలో కాపురం చేసినవాళ్లకు వేరే చెప్పాలా, బిలాస్‌పూర్‌లో మా లైనులో ఇంటికీ ఇంటికీ నడుమ ఒకటే గోడ కావడంతో, ఒకరి పోపుకు పక్కవాళ్లు తుమ్మేవాళ్లు. ఆ రోజుల్లో ఒకసారి క్వార్టర్ల బాగోగుల మీద సదస్సు పెట్టి, లైనుకు ఇద్దరు ప్రతినిధులు రావాలన్నారు. మగవాళ్లందరికీ డ్యూటీలు పడటంతో, హిందీ వచ్చునని నన్నూ, నోరున్న మనిషని మా అత్తయ్యనూ పంపారు.

గుమస్తా ఒక్కో ఇంటి నంబరు చదువుతుంటే, ఆ ఇంటి ఇబ్బంది మేం లేచి చెప్పాలి. మా లైను చివరిదైన పన్నెండో నంబరుకు ఏళ్ల తరబడి తాళమే. అది కూడా చదివాడని నాకు నవ్వొచ్చింది. అంతలో వెనక వరుసలోంచి, "ఉన్నాను బాబూ" అని వినబడింది. ముతక నేతచీర కట్టిన ఒక ముసలావిడ లేచి నిలబడి, గుమస్తాను కాక నన్నే చూస్తూ చెప్పింది.

"పదకొండుకీ నాకూ మజ్జిన గోడ ఒరిగిపోనాది. అవతల పిల్లలు తొంగుంటన్నారు. ఏటి సేస్తారో సెయ్యండి."

తెలుగు రాని గుమస్తా "అచ్ఛా, అచ్ఛా" అని కాగితం తిప్పేశాడు. అత్తయ్య నా మణికట్టు గట్టిగా పట్టుకుని, "ఎనక్కి సూడకమ్మా" అంది. నేను మళ్లీ తిరిగి చూశాను. కుర్చీ ఖాళీగా ఉంది. ఉన్న ఒక్క తలుపూ మా పక్కనే, మమ్మల్ని దాటి ఎవరూ వెళ్లలేదు.

రిక్షా మా లైను దగ్గరికి వచ్చాక అత్తయ్య, "ఆ ఇంటి కలాసీ పెళ్లాం. నువ్వు కాపరానికి రాకముందే, ఆ గోడవార గదిలోనే పోనాది" అంది.

నేరుగా పదకొండో నంబరుకు వెళ్లాం. సున్నం వేసిన గోడ చూపుకు బాగానే ఉంది, దాని పక్క మంచం మీద ఫిట్టరుగారి పిల్లలిద్దరూ నిద్రపోతున్నారు. అత్తయ్య చిన్నదాన్నీ, నేను పెద్దవాణ్నీ భుజాన వేసుకుని మా ఇంటికి తెచ్చేశాం. వాళ్లమ్మ వెనకాలే వచ్చి, "నిద్దరోతున్న పిల్లల్ని ఎత్తుకుపోడానికి మీకేటి పట్టింది?" అని నానా మాటలూ అంది. ఆ రాత్రికే కాదు, మరునాడూ అత్తయ్య పిల్లల్ని పంపలేదు. లైనంతా నవ్వింది, నాకే సిగ్గేసింది. మూడో రోజు మధ్యాహ్నం వానలో ఆ గోడ మంచం మీద కూలింది.

వాన వెలిశాక ఆ తల్లి పన్నెండో నంబరు తాళం ముందు కొబ్బరికాయ కొట్టబోతూ, ఏ పేరు తలుచుకోవాలని అత్తయ్యను అడిగింది. అత్తయ్యకు తెలియలేదు. అన్నేళ్లు ఒకే లైనులో ఉండి, కలాసీ పెళ్లాం అనే పిలిచారట. నాకు తెలిసి అత్తయ్య ఏడ్చింది ఆ ఒక్కసారే.

పేర్లు తెలియకపోయినా ఒకరి దగ్గు ఒకరికి తెలిసిన కాలం అది. ఇప్పుడు మా అంతస్తులో ప్రతి తలుపు మీదా ఇత్తడి అక్షరాలతో పేర్లు మెరుస్తుంటాయి. లిఫ్టులో ఎదురయ్యే ముఖాల్లో ఏ పేరు ఎవరిదో చెప్పమంటే, నేను ఒక్కటి కూడా చెప్పలేను.