సుబ్బాయమ్మ గారి రెండో గ్లాసు

ఈ సాయంత్రం సుబ్బాయమ్మ గారు మా ఇంటికి వచ్చారు. అమ్మకి మోకాలి ఆపరేషన్ అయిందని తెలిసి, కర్ర ఊతంతో ఊరి చివర మా పేట దాకా నడిచి వచ్చారు. నా చిన్నప్పటి నుంచీ అమ్మ ఆవిడ గారి చేలోనే కూలికి మిరపకాయలు కోసింది. ఆవిడ మా గుమ్మం తొక్కడం మాత్రం ఇదే మొదలు.

వాళ్ళింట్లో అమ్మ గ్లాసు వేరుగా, పశువుల కొట్టం చూరులో ఉండేది. టీ తాగాక అమ్మే కడిగి మళ్ళీ అక్కడే దోపాలి. అది గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎప్పటికైనా ఆవిడని నిలదీయాలని ఒక ఉపన్యాసం కూడా సిద్ధం చేసి పెట్టుకున్నాను.

టీ ఇచ్చాను. ఆవిడ తాగేసి, ఖాళీ గ్లాసు చేతిలో కాసేపు తిప్పి, మెల్లగా లేచి కుళాయి వైపు నడిచారు.

మంచం మీద నుంచే అమ్మ అంది, "ఏందమ్మా అది, అక్కడ పెట్టండి. మా ఇంట్లో ఎవరి గ్లాసు వాళ్ళు కడుక్కునే పద్ధతి లేదు."

ఆవిడ తలెత్తకుండా వచ్చి కూర్చున్నారు.

"ఇంకో గ్లాసు తాగండి," అంది అమ్మ. తాగారు.

ఆవిడ వెళ్ళాక ఆ గ్లాసు కడిగి మా గ్లాసుల మధ్యే బోర్లించాను. ఉపన్యాసం అలాగే మిగిలిపోయింది.

"నీకు కోపం రాలేదా?" అని అడిగాను అమ్మని.

"రాకేం. అందుకేగా రెండో గ్లాసు కూడా తాగించా."

ఇది మన్నించడమో, కక్ష తీర్చుకోవడమో నాకు తేలడం లేదు. మీకేమైనా తెలిస్తే చెప్పండి.