నేను గీకేసిన నంబరు

మా దుకాణం హైదరాబాద్ పాతబస్తీ మొఘల్‌పురాలో ఉంది. తాతల నాటి నుంచీ మాది లారీ సామాన్ల హోల్‌సేల్. నా వంతు వచ్చేసరికి సామాన్ల కన్నా ఇంజన్లను నడిపే కంప్యూటర్ డబ్బాలకు గిరాకీ ఎక్కువైంది. ఇంజన్‌లో డీజిల్ ఎంత పొయ్యాలో, ఎప్పుడు పొయ్యాలో ఆ డబ్బా చెబుతుంది. మేం దాన్ని ఈసీఎం అంటాం. బండి ఘాట్ ఎక్కడం లేదనో, మైలేజీ రావడం లేదనో డ్రైవర్లు వస్తే, డబ్బాలోని ఫైలును లాప్‌టాప్‌లోకి తీసి, కాస్త సవరించి మళ్లీ ఎక్కిస్తాను. సవరించడం ఎవరైనా నాలుగు నెలల్లో నేర్చుకుంటారు. సరిపోయే బేస్ ఫైలు, అంటే కంపెనీవాళ్లు మొదట పెట్టిన అసలు ఫైలు, దొరకబుచ్చుకోవడంలోనే ప్రాణం పోతుంది. ఒకే రకం ఇంజనుకు నలభై ఫైళ్లుంటాయి. ఏ డబ్బాకు ఏది నప్పుతుందో దాని మీద అంటించిన లేబుల్లోని నంబరు చూసి తెలుసుకోవాలి.

ఆ నంబర్లను నేను గీకేసేవాణ్ని.

ఈ లైన్లో చాలామంది చేసే పనే అది. బండి పని అయిపోయాక స్క్రూడ్రైవర్ మొనతో లేబుల్ మీద నాలుగు గీతలు గీస్తే చాలు. నంబరు లేని డబ్బాను ఇంకో దుకాణంవాడు ముట్టుకోవడానికి జంకుతాడు. గిరాకీ మళ్లీ మన గుమ్మానికే వస్తుంది. నేను దీన్ని తెలివి అనుకున్నాను. కొన్నేళ్లకు అది చేతికి ఎంత అలవాటైందంటే, గీకుతున్నానన్న ధ్యాస కూడా ఉండేది కాదు.

పోయిన ఎండాకాలం ఒక సోమవారం పొద్దున, అరవై దాటిన డ్రైవరు ఒకాయన తువ్వాలులో డబ్బా చుట్టుకుని వచ్చాడు. చాలా ఏళ్ల కింద నా దగ్గర పని చేయించుకున్న మనిషే. ఆయనకున్నది ఒకటే లారీ, నడిపేదీ ఆయనే. మలక్‌పేట గంజ్‌కు, అంటే అక్కడి టోకు మార్కెట్‌కు, ఉల్లిగడ్డ తోలుతాడు. సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతోందట, అందుకోవడం లేదట.

“వెల్డింగ్ గిట్ల చేయించినవా కాకా?” అని అడిగాను.

“తొట్టి పగిలింది సేట్. మలక్‌పేట షెడ్డుల అతుకు పెట్టించిన.”

“బ్యాటరీ వైరు తీసినంకనే చేసిండ్రా?”

“గది నాకేమెరుక? నేను చాయ్ తాగనీకె పోయిన.”

వైరు తీయకుండా వెల్డింగ్ చేస్తే ఆ కరెంటు పోయి పోయి డబ్బాలో దూరుతుంది. లాప్‌టాప్‌కు కలిపి చూశాను. బోర్డు బతికే ఉంది గానీ లోపలి ఫైలు మొత్తం చెత్త అయిపోయింది. నంబరు చూద్దామని డబ్బా తిప్పాను. లేబుల్ నిండా గీతలు. చివరి రెండంకెలు మాత్రం మిగిలాయి. ఆ గీతలు ఎవరివో నాకు తెలియనిదా! ఆ డబ్బా నుంచి అప్పట్లో నేను తీసిపెట్టిన ఫైలు పాత లాప్‌టాప్‌తో పాటే పోయింది.

“శుక్రారం పొద్దుగాల్ల బండి గంజ్ గేటు కాడ ఉండాలె సేట్. లేకుంటె నా ట్రిప్పులన్నీ ఇంకోని బండికి ఇస్త అన్నడు ఏజెంటు. ఆ లోడు పోతే నాకు వేరే పని లేదు.”

“ఫికర్ చెయ్యకు కాకా” అన్నాను. ఫికరంతా నాకే పట్టుకుంది.

ఫోన్లో మా పనివాళ్ల గ్రూపులున్నాయి. అన్నిట్లోనూ అడిగాను. తెలిసినవాళ్లకు విడివిడిగా ఫోన్లు చేశాను. అందరి జవాబూ ఒకటే, ముందు లేబుల్ ఫోటో పెట్టమని, “లేబుల్ ఫోటో డాలో భాయ్.” లేబుల్ పాడైందంటే అటు నుంచి ఒక నవ్వు వినిపించేది. వాళ్లకూ తెలుసు లేబుళ్లు ఎలా పాడవుతాయో.

మంగళవారం, బుధవారం అంతా నా దగ్గరున్న ఫైళ్లలో దగ్గర దగ్గరగా కనిపించినవి ఒక్కొక్కటే ఎక్కించుకుని, డబ్బా సంచీలో వేసుకుని స్కూటర్ మీద దబీర్‌పురా మీదుగా, లారీ ఆగిపోయి ఉన్న మలక్‌పేట షెడ్డుకు తిరిగాను. డబ్బా బిగించడం, సెల్ఫ్ కొట్టడం, విప్పడం, వెనక్కి రావడం. రెండు ఫైళ్లకు ఇంజను పలకనే లేదు. మూడోదానికి పలికింది గానీ ఎక్సలేటర్ తొక్కితే నల్లపొగ తప్ప లాగుడు లేదు. ఎండకు తల పగిలిపోతోంది, కళ్లు మండుతున్నాయి. నా మీద నాకే రోత పుట్టింది. ఇంటికి పోయి తలుపేసుకుని పడుకుందామనిపించింది.

షెడ్డులో వెల్డర్ డబ్బా చూసి, “నంబర్ ఎవడు గీకిండు సేట్?” అన్నాడు.

“ఎవడో గీకిండు” అన్నాను.

డ్రైవరు పక్కనే నిలబడి ఉన్నాడు. నా వైపు ఒకసారి చూసి, టైర్ల వైపు తిరిగాడు.

గురువారం పొద్దున ఆయనే ఒక దారి చెప్పాడు. తనతో పాటు అదే షోరూంలో, అదే నెలలో బండి తీసుకున్న ఇంకో డ్రైవరు ఉన్నాడనీ, సరుకు దింపడానికి ఆ రోజు గంజ్‌కు వచ్చాడనీ అన్నాడు. ఇద్దరం వెళ్లి అడిగాం. ఆయన బండికి అడ్డం నిలబడి, “చల్తీ గాడీ హై సేట్, కాయ్కు ఖోల్నా?” అన్నాడు. నడుస్తున్న బండిని ఎవరు విప్పనిస్తారు! మా పెద్దాయన చాలాసేపు బతిమాలాడు. నేను చేసిన పనికి ఆయన ఇంకొకరి గడ్డం పట్టుకోవడం చూస్తుంటే తలెత్తుకోలేకపోయాను.

చివరికి ఆ డ్రైవరు ఒక గంట టైమిచ్చాడు. డబ్బా విప్పి చూస్తే లేబుల్ కొత్తదానిలా ఉంది. చివరి రెండంకెలు మావే. ఫైలు తీసుకుని, ఆయన డబ్బా ఆయనకు బిగించి, మా దానికి ఎక్కించాను. మధ్యాహ్నానికి మా ఇంజను ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. ఎక్సలేటర్ తొక్కితే పొగ లేదు, దడ లేదు. నేను షెడ్డు గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను.

లేచి డబ్బా మూత మీద మార్కర్‌తో నంబరు మొత్తం పెద్ద పెద్ద అంకెల్లో రాశాను. పెద్దాయన చూస్తూ నిలబడ్డాడు. ఇంక దాచడం నా వల్ల కాలేదు.

“కాకా, ఆ నంబరు గీకింది నేనే.”

“ఎరికే సేట్. నా ముంగటనే గీకితివి గద. నీ దుకాణంల స్టూలు మీద కూసొని చూసిన.”

“మరి నాలుగు దినాల సంది ఒక్క మాట అనకపోతివి?”

“అంటే నువ్వు డబ్బా నా చేతుల పెట్టి పొమ్మందువు. అప్పుడు నేనెటు పోవాలె? ముందుగాల రెండు దుకాణాలు తిరిగిన. నంబర్ లేదని వాళ్లు ముట్టలే. ఇంక నువ్వే గద.”

ఆయన గొంతులో కోపం లేదు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని క్యాబిన్ ఎక్కాడు. మళ్లీ మళ్లీ వచ్చే గిరాకీని చూసి, నా పనితనం మీద నమ్మకంతో వస్తున్నారని ఇంట్లోవాళ్లతో, చుట్టాలతో ఎన్నోసార్లు గొప్పగా చెప్పుకున్నాను. అలా వచ్చిన డ్రైవర్లలో ఎందరు పని నచ్చి వచ్చారో, ఎందరు వేరే దిక్కులేక వచ్చారో ఇక నాకు ఎప్పటికీ తెలియదు.