కొల్లాపూర్‌లో నా ముందు ఆగిన రొట్టె పళ్లెం

మా సంఘంలో స్త్రీల కూటానికి ఈసారి నన్ను మాట్లాడమన్నారు. విశ్వాసుల ఐక్యత గురించి. తనను నమ్మినవారంతా ఒక్కటిగా ఉండాలని యేసు చేసిన ప్రార్థనను ఎన్నిసార్లు చదివినా, దాన్ని మనుషుల మధ్య ఎలా చూపించాలో నాకు తోచలేదు. అంతలో గద్వాల నుంచి చిన్నమ్మ ఫోన్ చేసింది. తన కూతురు ఎస్తేరుకు కొల్లాపూర్ అబ్బాయితో ప్రధానం, అంటే నిశ్చితార్థం, ఆదివారం ఆరాధన అయ్యాక అక్కడే. చిన్నమ్మ వాళ్లది పాతకాలపు రాతి చర్చి, అబ్బాయి వాళ్లది కొత్త ప్రార్థన మందిరం. రెండు సంఘాలు కలిసే రోజు కదా, నా ప్రసంగానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదనుకుని శనివారం కాచిగూడలో రైలెక్కాను. కర్నూలు వైపు వెళ్లే రైళ్లు చాలావరకు గద్వాలలో ఆగుతాయి.

మర్నాడు తెల్లవారగానే అద్దె జీపులో బయలుదేరాం. రానుపోను నాలుగున్నర వేలకు మాట్లాడారు. ఎర్రవల్లి దగ్గర జాతీయ రహదారి ఎక్కి, బీచుపల్లి వంతెన మీద కృష్ణ దాటాం. పెబ్బేరు నుంచి నేరుగా కొల్లాపూర్‌కు దారి ఉన్నా, పళ్లు, మిఠాయిలు కొనాలని వనపర్తి మీదుగా వెళ్లాం. బస్టాండు పక్కన ఇడ్లీ తింటుంటే డ్రైవర్ ఖాజా చిన్నాయనను అడిగాడు.

"మీరందరు ఒక్క యేసునే మొక్కుతరు గదా పెద్దాయినా, మరి ఒక్క ఊర్ల ఇన్ని చర్చీలెందుకు?"

"నువ్వు జర బండి సంగతి సూస్కో ఖాజా," అన్నాడు చిన్నాయన. ఆయన తన చర్చిలో సంఘపెద్ద.

"మా తాన గూడ గట్లనే ఉన్నది. నాకు తెల్వకనే అడిగిన," అని నవ్వేశాడు ఖాజా.

కొల్లాపూర్ చేరేసరికి తొమ్మిదిన్నర. ఊరి చివర మామిడితోటల పక్కన రేకుల కప్పుతో ఉంది మందిరం. పెళ్లికొడుకు దానియేలు బోరు మోటార్లు బాగుచేస్తాడు. వాళ్లమ్మ రాహేలమ్మ మమ్మల్ని ముందు వరుసలో కూర్చోబెట్టింది. వెనక పందిరి కింద వంట మొదలైంది. డప్పు, తాంబూరాలతో పాటలు సాగాయి. అవన్నీ మాకూ తెలిసిన పాటలే. చిన్నాయన గొంతెత్తి పాడాడు. ఇదే ఐక్యత అని మనసులో అనుకున్నాను.

ఆ రోజు నెలలో మొదటి ఆదివారం, యేసు చివరి విందును తలచుకుని రొట్టె పంచుకునే ప్రభువు బల్ల. రొట్టె విరిచాక పాస్టరుగారు, "నీళ్లల్ల మునిగి బాప్తిస్మం తీసుకున్నోళ్లే ఇది తీసుకోవాలె. తల మీద చల్లించుకున్నోళ్లు ఏమనుకోవద్దు," అన్నారు. ఆయన గొంతులో ఎక్కడా కోపం లేదు. పళ్లెం మా వరుసకు వచ్చింది. ఎస్తేరును, చిన్నమ్మను దాటి నా ముందు ఆగింది. నాది ముంచిన బాప్తిస్మమే. అలవాటుగా చేయి చాపి రొట్టె ముక్క తీసుకున్నాను. నోట్లో పెట్టుకున్నాక పక్కన చిన్నమ్మ తలవంచుకుని కొంగు సర్దుకోవడం కనిపించింది. ముందెన్నడూ చూడని ఆ జనంతో నేను ఒకటయ్యాను, నన్ను చిన్నప్పుడు ఎత్తుకు తిరిగిన మనిషితో కాలేదు.

మగవాళ్ల వైపు చూస్తే, చిన్నాయన అప్పటికే లేచి బయటికి వెళ్తున్నాడు. పళ్లెం దానియేలు దగ్గరికి వచ్చింది. అతను తీసుకోకుండా పక్కవాళ్లకు అందించాడు.

ఆరాధన ముగియగానే పాస్టరుగారు అతన్ని పిలిచి, "ఏం తప్పు చేసినవు, బల్ల ఎందుకు ఇడిసిపెట్టినవు?" అని అడిగారు.

"తప్పేం చేయలే అయ్యగారూ. ఆమెకు లేదన్నరు గదా, నాకు చెయ్యి రాలే. మీరు చెప్పేది నేను గూడ నమ్ముత. అయినా చెయ్యెందుకు రాలేదో అదే నాకు సమజైతలేదు."

రాహేలమ్మ ఏడుపు మొదలుపెట్టింది. బయట జీపు దగ్గర చిన్నాయన, "నా బిడ్డకు పోసినయి నీళ్లు గావా? పోదాం పదండి," అంటున్నాడు. ప్రధానం ఆగిపోయేలా ఉంది. అప్పుడు చిన్నమ్మ నెమ్మదిగా అంది.

"మనం మాత్రం ఏం చేసినం? ఇట్లాంటి మందిరంల కలిసిండని, మన ఊరి దావీదన్న సచ్చిపోతే మన సమాధుల దొడ్లె పెట్టనియ్యకపోతిమి. నువ్వే గదా గేటుకు తాళమేసింది."

ఎస్తేరు చిన్నాయన పక్కనుంచి వచ్చి, గుమ్మంలో నిలబడ్డ పాస్టరుగారిని అడిగింది.

"అయ్యగారూ, మా నాయినమ్మ చల్లిన నీళ్ల బాప్తిస్మంతోనే సచ్చిపోయింది. ఆమె యేడుంటది?"

"అది దేవునికే ఎరుక, బిడ్డా."

"అయితే నాది గూడ ఆయనకే ఇడిసిపెట్టరాదు?"

ఆయన గుమ్మం దిగి వచ్చారు. మందిరంలో ప్రధానం చేయడానికి తన మనస్సాక్షి ఒప్పదని, రాహేలమ్మ ఇంటికి వచ్చి మాత్రం ప్రార్థన చేస్తానని అన్నారు. చిన్నాయనను అందరూ బతిమాలి ఆ ఇంటికి తీసుకొచ్చారు. ఇంటి వాకిట్లో చాప మీద ఉంగరాలు మార్చుకున్నారు. పాస్టరుగారి ప్రార్థనకు అందరం ఆమెన్ అన్నాం. చిన్నాయన అందరికంటే ఆలస్యంగా, మెల్లగా అన్నాడు. తర్వాత భోజనాల్లో ఆ ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని, ఒకరితో ఒకరు మాట్లాడకుండా తిన్నారు. పెళ్లి ఏ చర్చిలో అన్నది తేలలేదు.

సాయంత్రం నాగర్‌కర్నూల్ మీదుగా హైదరాబాద్ బస్సెక్కాను. నాగర్‌కర్నూల్‌లో టీకి ఆగినప్పుడు ప్రసంగం రాయాలని కూర్చున్నాను గానీ ఒక్క వాక్యమూ కుదరలేదు. తన నమ్మకాన్ని వదులుకోలేక, మా వాళ్లనూ వదులుకోలేక ఆ పాస్టరుగారు వాకిట్లోకి వచ్చారే, అది ఐక్యతా? దానియేలు రొట్టె వదులుకోవడం సంఘంలో చీలికా, కలయికా? నియమం ప్రకారం నేను చేసింది సరైనదే. అయినా ఆ రోజు అక్కడ అందరికంటే ఒంటరిగా ఉన్నది నేనేనేమో అనిపిస్తోంది. మా కూటంలో దీన్నే ఉన్నదున్నట్టు చెప్పి, ఐక్యత ఏదో నాకు తెలియలేదనే చెబుతాను.

మీలో ఎవరైనా ఆదివారం అటు వెళ్లి కొత్త సంఘంలో ఆరాధించేటట్టయితే, ప్రభువు బల్ల ఎవరికి ఇస్తారో ముందే అడగండి. మీ కోసం కాదు, మీ పక్కన కూర్చునేవాళ్ల కోసం.