పాలరాతి బల్ల కోసం నూజివీడు దాకా

పాత హోటలు సామాను ఇంటికి తెచ్చుకోవాలనుకునేవాళ్ళు మా ఇంట్లోని పాలరాతి బల్ల చూసి, ఎక్కడ కొన్నారని తరచూ అడుగుతుంటారు. ఎనభైల్లో నూజివీడులో కొన్నాను. వివరాలు చెబుతాను గానీ, దీన్ని సరదా ప్రయాణమనుకోకండి. మా నాన్న దావీదు ఏటా మామిడి సీజన్లో నూజివీడు వెళ్ళి గంపలు మోసేవాడు. అక్కడొక కాఫీ హోటలు ఉండేది, లోపల పాలరాతి బల్లలతో. మేము చర్చికి వెళ్ళేవాళ్ళమైనా ఆ హోటలు లెక్కలో అంటరానివాళ్ళమే. నాన్న అరుగు కింద నిలబడి, మావాళ్ళ కోసం విడిగా పెట్టిన గ్లాసులో టీ తాగి, దాన్ని తనే కడిగి బోర్లించి రావాలి. ఆ హోటలు మూసేస్తున్నారనీ, సామానంతా అమ్మేస్తున్నారనీ ఒక మే నెలలో తెలిసింది. ఆ బల్లల్లో ఒకటి కొని, నాన్నను దాని ముందు కూర్చోబెట్టి అన్నం పెట్టాలని పట్టుబట్టి బయలుదేరాను. అప్పటికే ఆయన చూపు మందగిస్తోంది.

అప్పుడు నేను జి. కొండూరులో పంతులుని, బడికి వేసవి సెలవులు. ఉదయం ఆరున్నర బస్సుకి మైలవరం వెళ్ళి, అక్కడ నూజివీడు బస్సు ఎక్కాను. రెండు టిక్కెట్లూ కలిపి ఐదు రూపాయల లోపే. మైలవరం దాటాక దారి పొడవునా తోటలు, బస్సు టాపు మీద మామిడి గంపలు, లోపలంతా సొన వాసన. జనం ఆ దారి చూసి మురిసిపోతారు. నాకు మాత్రం ఆ తోటల్లో కాయలు కనిపించవు, నాన్న భుజాలు కనిపిస్తాయి. తొమ్మిదింటికల్లా నూజివీడులో దిగాను.

హోటల్లో అప్పటికే బేరాలు సాగుతున్నాయి. ఒకాయన కాఫీ బాయిలరు ఇంట్లో స్నానాల నీళ్ళకి పనికొస్తుందని తట్టి చూస్తున్నాడు. స్వీట్లు పెట్టే అద్దాల బీరువాను ఒక టీచరమ్మ పుస్తకాలకని కొనుక్కుంది. నేను టేకు కాళ్ళ బల్ల ఒకటి ఎంచుకున్నాను. ఒక కాలు వదులు, రాయి అంచు కొంచెం లేచిపోయింది. రెండు వందలన్నది నూట డెబ్భైకి కుదిరింది. డబ్బు లెక్కపెట్టుకుంటూ యజమాని అడిగాడు.

“ఏ ఊరండీ మాస్టారూ?”

“జి. కొండూరండీ.”

“ఎవరి తాలూకు?”

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కానీ ఆ బల్ల ముందు ఎవరు కూర్చోబోతున్నారో ఆయనకు తెలియాలనిపించింది.

“గంపలు మోసే దావీదు కొడుకునండీ. మీ అరుగు కింద టీ తాగేవాడు.”

ఆయన మొహం మాడ్చుకోలేదు. సంబరంగా నవ్వాడు. “మన దావీదు కొడుకా! ఎంత మంచోడండీ! ఒక్కనాడూ గడప తొక్కలేదు.” అంటూనే లోపలికెళ్ళి ఆరు గ్లాసులు పట్టుకొచ్చాడు. ఒక్కోదాని అడుగున ఎర్ర రంగు చుక్క. “ఇవి కూడా పట్టుకెళ్ళండి మాస్టారూ. మీవాళ్ళవే. డబ్బులొద్దులెండి.”

ఆయన వెక్కిరించలేదు, అదే నన్ను ఎక్కువ మండించింది. నిజంగానే మేలు చేస్తున్నాననుకున్నాడు. “వద్దండీ” అన్నాను. “మొహమాటమేంటండీ, ఊరికే ఇస్తుంటే!” అన్నాడు. గ్లాసులు ముట్టుకోలేదు గానీ, నా సిగ్గులేని నోరు “థాంక్సండీ” అనేసింది. అవి మావి కావు, మీవే అని ఆయన మొహాన అనాల్సిందని మైలవరం దాటాక తోచింది.

బల్ల తేవడానికి, కాయలు దింపి మైలవరం వైపు ఖాళీగా వెళ్తున్న మెటాడోర్ వ్యాను దొరికింది. జి. కొండూరు దాకా నలభై రూపాయలు. డ్రైవరు రాయిని కాళ్ళ నుంచి విడదీయించాడు. “పడుకోబెడితే గతుకుల్లో పగులుద్ది మాస్టారూ, నిలబెడదాం” అని చుట్టూ వరిగడ్డి దట్టించాడు. “హోటలు పెడతారా ఏంటి?” అని అడిగాడు. మా నాన్న అన్నం తినడానికన్నాను. “అయితే రాజాలా తింటారన్నమాట!” అన్నాడు. ఆ మాటకి కూడా నాకు నవ్వు రాలేదు.

మధ్యాహ్నం రెండింటికి ఇల్లు చేరాం. చాకలి సోడాతో రాయి కడిగి, వదులు కాలు కింద చెక్కముక్క దోపి, నాన్నను పిలిచాను. ఏ హోటల్దో చెప్పాను. ఆయన రాయి మీద అరచెయ్యి ఆనించి, “ఇంత చల్లగా ఉంటదా ఇది!” అన్నాడు. ముప్పై ఏళ్ళు బయట నుంచి చూసిన రాయి అది. కుర్చీ అంచున కూర్చుని అన్నం తిన్నాడు. చెయ్యి కడుక్కొచ్చి, భుజం మీది తువ్వాలు తీసి, తన మోచెయ్యి ఆనిన చోటల్లా తుడవడం మొదలుపెట్టాడు.

“ఎందుకు నాన్నా, మనదే కదా?”

“తెలుసురా” అన్నాడు, తుడుస్తూనే.

ఆ తర్వాత బతికిన నాలుగేళ్ళూ నాన్న ఆ బల్ల మీదే తిన్నాడు, తిన్న ప్రతిసారీ తుడిచాడు. నాకు ఆయన మీద కోపం వచ్చేది, ఆ కోపానికి సిగ్గేసేది. ఆ హోటలాయన మీద రావాల్సినంత కోపం ఆ రోజు రాలేదే అని ఇప్పటికీ కుమిలిపోతాను. పాత సామాను కోసం వెళ్ళేవాళ్ళకు ఒకటే సలహా. అమ్మేవాడు ఎవరి తాలూకు అని అడిగితే, సామాను బండెక్కి తాళ్ళు బిగించేదాకా జవాబు చెప్పకండి.